ఒక్క మొండివాడు చాలు

మీటరమ్మ అన్నది ఆ వీధి ఆమెకు పెట్టిన పేరు. గుడ్డ కొలిచేటప్పుడు వేలెడు ఎక్కువ ఇవ్వదు, వేలెడు తక్కువా ఇవ్వదు. తువ్వాళ్ళు, దుప్పట్లు, కర్టెన్ గుడ్డలు అమ్మే దుకాణం ఆమెది. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి, కూతురికి పెళ్ళి చేసి, మనవరాలు బడికెళ్ళే వయసొచ్చేదాకా ఒంటిచేత్తో నడుపుకొచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టినవాణ్ణి చూసి కొంటాడో, నలిపి చూసి పోతాడో, కొన్నది మర్నాడు తిరిగి పట్టుకొస్తాడో చెప్పేస్తుంది. మొగుడి విషయంలో ఆ విద్య ఏమైపోయిందని తరవాత కొందరు నవ్వారు. ఏమీ కాలేదు. బయటి సరుకును నలిపి చూస్తారుగాని, ఇంట్లో పరుచుకున్న దుప్పటిని ఎవరు నలిపి చూస్తారు?

మొగుణ్ణి అందరూ కోచ్ అనేవారు. పిల్లలకు ఈత నేర్పేవాడు. నీళ్ళంటే భయపడే పిల్లలు కూడా ఆయన మాటకు దూకేవాళ్ళని పేరు. అలా ఒకప్పుడు దూకిన పిల్ల కాలేజీకొచ్చాక పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది. ఈత కొలను వెనకాల తాళ్ళూ ట్యూబులూ పెట్టే గది ఒకటుంది. తను బడిలో చదివే రోజుల్లో ఆ గదిలో కోచ్ తనను ఏం చేశాడో, ఎన్నాళ్ళు చేశాడో చెప్పింది. కోచ్‌ని తీసుకెళ్ళారు, బెయిలు మీద వదిలారు. కొలను వాళ్ళు కేసు తేలేదాకా రావద్దన్నారు.

కేసు సంగతి విన్న సాయంత్రమే కూతురు వచ్చి, అమ్మమ్మ ఇంట్లో ఉన్న మనవరాలి బొమ్మలూ బట్టలూ సంచిలో సర్దుకుంది. అదివరకు బడి వదలగానే ఆ పిల్ల తిన్నగా అమ్మమ్మ ఇంటికే వచ్చేది.

"తీర్పు రానీ అమ్మా," అంది కూతురు. "నిర్దోషి అంటే నేనే తీసుకొచ్చి నీ ఒళ్ళో కూర్చోబెడతా. కాదంటే ఈ గడప తొక్కం."

మీటరమ్మకు ఏడుపొచ్చిందిగాని ఆ షరతు నచ్చింది. అందులో మెలిక లేదు. మొగుడు చేశాడా, చేయలేదా అన్నది తను కూర్చుని తూకం వేయక్కర్లేదు. వెయ్యడానికి కోర్టులో వేరే మనుషులున్నారు, ఊళ్ళోంచి ఏరి కూర్చోబెట్టే పన్నెండు మంది జ్యూరీ. వాళ్ళు ముల్లు ఎటు చూపిస్తే అటు. తను మొగుణ్ణి ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్తాడు. చెప్పాక ఆ మాటను ఎక్కడ పెట్టుకోవాలి?

అందుకని ఊళ్ళోకెల్లా ఖరీదైన లాయర్ని పెట్టింది. నవ్వుమొహం, నున్నటి గడ్డం, ఎంత వెధవనైనా మీరు అనే మర్యాద. ఇలాంటి కేసులే ఆయన తిండి.

"పన్నెండు మంది జ్యూరీని ఒప్పించాలనుకునేవాడు బడిపంతులు, అక్కగారూ, లాయరు కాడు," అన్నాడు మొదటిరోజే. "దోషి అనాలన్నా, నిర్దోషి అనాలన్నా పన్నెండు మందీ ఒకే మాట మీదకి రావాలి. ఒక్కడు రానన్నాడనుకోండి, జడ్జి అందరినీ ఇంటికి పంపించేస్తాడు. తీర్పు ఉండదు. మళ్ళీ కొత్త జ్యూరీ, మళ్ళీ మొదట్నుంచి. ఆ అమ్మాయి మళ్ళీ బోనెక్కాలి, మళ్ళీ అదంతా చెప్పాలి, మళ్ళీ నేను అడుగుతాను. రెండోసారి ఎక్కేవాళ్ళు బహు తక్కువ. ఒక్క మొండివాడు చాలు మనకి."

"నాకు తీర్పు కావాలి," అంది మీటరమ్మ. "నిర్దోషి అన్న ముక్క కావాలి."

"దొరికితే వద్దంటామా? ఇది ఇన్సూరెన్సు అనుకోండి. మంట అంటుకుంటుందని ఎవరూ కట్టరుగా."

ఇన్సూరెన్సు మాట ఆమెకు అర్థమైంది. దుకాణానికి తనూ కడుతుంది.

జ్యూరీని ఎంచుకునే రోజున లాయరు ఆమెను తన వెనక బెంచీలోనే కూర్చోబెట్టుకున్నాడు. పిలిచినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కుర్చీలో కూర్చుని, అడిగినవాటికి జవాబులు చెప్తున్నారు. ఆయన వెనక్కి వంగి గుసగుసగా అన్నాడు. "మీరు జన్మంతా మనుషుల్ని చూశారు. ఇందులో మాట మార్చనివాడెవడో చెప్పండి."

మీటరమ్మ చూసింది. బ్యూటీ పార్లర్ నడిపే ఆవిడ, అందరితో తలూపే రకం. బ్యాంకు కుర్రాడు, పక్కవాడు ఏది కొంటే అదే కొనే బేరం. తరవాత ఒక పెద్దాయన వచ్చాడు. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడట. చేతిలో గొడుగు. కుర్చీ ఒక కాలు కుదురుగా లేదు. బంట్రోతు ఫరవాలేదు కూర్చోండన్నాడు. ఆయన కూర్చోలేదు. జడ్జి కూడా ఫరవాలేదన్నాడు. ఆయన నమస్కారం పెట్టాడుగాని కూర్చోలేదు. చివరికి వేరే కుర్చీ తెచ్చారు.

"ఈయన," అంది మీటరమ్మ. "బేరమాడడు. ఒక మాట అనుకుంటే ఇక అంతే."

"మనవైపు ఉంటాడా?"

"టికెట్టు లేని పిల్లకాయలు ఎన్ని కథలు చెప్పుంటారు ఈయనకి? ఏడ్చే పిల్లని నమ్మే ఉద్యోగం కాదది."

లాయరు ఆమె వంక మెచ్చుకోలుగా చూశాడు. "మీరు నా ఆఫీసులో ఉండాల్సింది అక్కగారూ."

అక్కడ్నించి కేసు నడిచినన్నాళ్ళూ ఇద్దరికీ ఆ చెకింగ్ ఆయనే లోకం. లాయరు అడిగే ప్రతి ప్రశ్నా సాక్షిని చూసి మొదలుపెట్టి ఆయన్ని చూసి ముగించేవాడు. మీటరమ్మ కూడా ఆయన కనుబొమ్మలు ఎప్పుడు లేస్తాయా అని కనిపెట్టుకు కూర్చునేది. కొనే బేరాన్ని చూసినట్టు చూసింది. ఆయన తననూ చూస్తాడని మాత్రం అనుకోలేదు.

ఆ అమ్మాయి బోనెక్కింది. సన్నగా, ఎత్తుగా, మెడ నిటారుగా ఉంది. ఈతగత్తెల భుజాలు. గదిలో జరిగింది చెప్పింది. చెప్పి, ప్రతిసారీ కోచ్ తనకొక కొత్త తువ్వాలు ఇచ్చేవాడనీ, అది ఇంటికి తీసుకెళ్ళలేక దారిలో కాలవలో పడేసేదాన్ననీ అంది.

లాయరు లేచాడు. చాలా మెల్లగా, పిల్లకి అన్నం తినిపించేవాడిలా మొదలుపెట్టాడు.

"తువ్వాలు ఏ రంగమ్మా?"

"ఆకుపచ్చ."

"పోలీసులకి నీలం అన్నారు. ఇదిగో, మీ సంతకం."

"నీలం కూడా."

"ఒకరోజు నీలం, ఒకరోజు ఆకుపచ్చా?"

"కాదు. అదే తువ్వాలు. నీలంగానూ ఉండేది, ఆకుపచ్చగానూ..." ఆమె చేతులతో ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

"ఊసరవెల్లి తువ్వాలా?"

బెంచీల్లో నవ్వారు. జ్యూరీలోనూ ఒకరిద్దరు నవ్వారు. అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. ఆమె తాగి, గ్లాసు కింద పెట్టేదాకా లాయరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తొందరేం లేదు. గుర్తు చేసుకోండి. పసుపు కూడా ఉండేదేమో."

"నేను చిన్నదాన్ని. సరిగ్గా చూసేదాన్ని కాదు."

"సరిగ్గా చూసేవారు కాదు," అన్నాడు లాయరు, ప్రతి ముక్కా విడివిడిగా. "చేతిలో పట్టుకున్న తువ్వాలే సరిగ్గా చూడలేదు. మిగతావన్నీ మాత్రం ఎంత చక్కగా చూశారో ఇందాక విన్నాం."

అమ్మాయి మెడ వంగింది. ఆ తరవాత ఏమడిగినా 'తెలీదు' అంది. తను ఏ ఏడు ఏ తరగతో అడిగినా తెలీదంది.

వెనక బెంచీలో మీటరమ్మ చేతిలోని రుమాలును తిరగేసింది. తిరగేసినట్టు తనకే తెలియదు.

ఆ తువ్వాలు ఆమెకు తెలుసు. ఒక పక్క నీలం, ఇంకో పక్క ఆకుపచ్చ. మూతపడిన మిల్లు సరుకు, బేళ్ళకు బేళ్ళు చవగ్గా తనే ఎత్తుకొచ్చింది. ఆ ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. ఆ సరుకులోనే అప్పట్లో ఒకటీ అరా తగ్గుతూ వచ్చాయి. దుకాణంలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషిని మీటరమ్మ నిలదీసింది. ఆ మనిషి బిడ్డల మీద ఒట్టేసింది. అయినా దొంగ అని వీధిలో అందరూ వినేలా చెప్పి పంపేసింది. మీటరమ్మ మాటంటే ఆ వీధికి రాతిమీద గీత. ఆ మనిషికి మళ్ళీ అక్కడెవరూ పనివ్వలేదు.

ఆ సాయంత్రం దుకాణం తలుపులు మూసి, కింద అరలో మిగిలిన ఆ తువ్వాళ్ళన్నీ బయటికి లాగింది. పారేద్దామంటే బంగారంలాంటి గుడ్డ, చేతులు రాలేదు. నేల తుడిచే గుడ్డలుగా కత్తిరించింది. కత్తిరించేటప్పుడు కూడా కొలిచే కత్తిరించింది.

జ్యూరీ లోపలికెళ్ళి బయటికి రాలేదు. మాకు పొసగడం లేదని జడ్జికి కబురు పెట్టారు, ఆయన మళ్ళీ ప్రయత్నించమని పంపాడు. మళ్ళీ అదే కబురు. చివరికి జడ్జి కళ్ళజోడు తీసి, ఈ విచారణ తీర్పు లేకుండా ముగిసిందని చెప్పి అందరినీ ఇళ్ళకు పంపేశాడు.

"అంటే గెలిచినట్టా?" అన్నాడు కోచ్.

"ఓడనట్టు," అన్నాడు లాయరు.

నడవాలో బ్యూటీ పార్లర్ ఆవిడ లాయర్ని ఆపి ఏదో చెప్పింది. ఆయన తిరిగొచ్చేసరికి నవ్వు సగమే ఉంది.

"పదకొండు మంది నిర్దోషి అన్నారట అక్కగారూ. మొదటిపూటే అన్నారట. ఒక్కడు అడ్డం పడ్డాడు."

"ఎవరు?"

"మీ చెకింగాయన."

పొద్దుటిదాకా మన చెకింగాయన, ఇప్పుడు మీ చెకింగాయన అయ్యాడు. మీటరమ్మ లెక్క చూసుకుంది. తనూ లాయరూ ఆయన్ని ఏరుకోకుండా కళ్ళు మూసుకుని ఎవణ్ణి పెట్టుకున్నా, ఈపాటికి నిర్దోషి అన్న ముక్క చేతిలో ఉండేది. మనవరాలు ఒళ్ళో ఉండేది. గుడ్డ గట్టిదా కాదా అని చూసుకున్నారేగాని ఏ రంగో చూసుకోలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయింది వ్యవహారం.

లాయరు మాత్రం తొందరగానే తేరుకున్నాడు. "పోనివ్వండి. ఆ అమ్మాయి మొహం చూశారుగా. మళ్ళీ మెట్లెక్కదు."

మళ్ళీ విచారణ ఉందో లేదో తేల్చే వాయిదాకు ముందు, ఒక మధ్యాహ్నం చెకింగ్ ఆయన దుకాణానికొచ్చాడు. గొడుగు ముడిచి గుమ్మం పక్కన ఆనించాడు.

"రెండు పక్కలా రెండు రంగులుండే తువ్వాలు ఉందామ్మా?"

"అలాంటివి మా దగ్గరుండవు."

"ఉండేవా?"

"మీకేం కావాలో చెప్పండి."

ఆయన స్టూలు చూశాడు, కూర్చోలేదు. "బస్సులో టికెట్టు లేనివాణ్ణి పట్టేది జేబులు చూసి కాదమ్మా. నేనెక్కగానే ఎవరు కిటికీవైపు తిరుగుతారో వాళ్ళని. ఆ పిల్ల నీలం అంది, ఆకుపచ్చ అంది, అందరూ నవ్వారు. మీరు ఒళ్ళో రుమాలు తిరగేసి వెనకపక్క చూశారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. లోపల ఆ మాటే చెప్పాను. ఆవిడ రుమాలుతో మాకేం పనయ్యా, అది సాక్ష్యమా అన్నారు. నిజమే, సాక్ష్యం కాదు. అయినా నేను కదల్లేకపోయాను."

మీటరమ్మ కౌంటరు మీద గుడ్డ మడతపెడుతూనే ఉంది.

"ప్రభుత్వ లాయరమ్మ ఆ పిల్లని అడిగిందట, మళ్ళీ ఎక్కుతావా అని. తోడు నిలబడి చెప్పేవాళ్ళు ఒక్కరుంటే ఎక్కుతానందట," అన్నాడాయన. "మిమ్మల్ని బతిమాలడానికి రాలేదు నేను. నాకు నిద్ర పట్టడం లేదు. పదకొండు మంది ఒక మాటంటే నేనొక్కణ్ణి ఒక మాటన్నాను. పొరపాటుగా చూశానా అని అడగడానికొచ్చాను. అంతే."

ఆమె ఆయన్ని తేరిపార చూసింది. సరిగ్గానే చూశారు అంటే మొగుడు జైలుకెళ్తాడు, కూతురు గడప తొక్కదు, దొంగ అని తరిమిన మనిషి వీధిలోకొచ్చి నిలబడుతుంది. పొరపాటు అంటే కేసు మూతపడుతుంది, పదకొండు మంది మాట చేతిలో ఉంటుంది, దాన్ని పట్టుకుని కూతురి దగ్గరికి వెళ్ళొచ్చు. లెక్క వేయడానికి ఆమెకు మడత పెట్టినంతసేపు కూడా పట్టలేదు.

"పొరపాటుగానే చూశారు," అంది. "నాకు చేతులు చెమట పడతాయి. రుమాలు తిప్పుకుంటూ ఉంటాను."

ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. మీటరమ్మ మొహం ఎన్నో బేరాలు చూసిన మొహం. కనురెప్ప కదల్లేదు.

"అయితే మీ ఆయన్ని నేను అన్యాయంగా..."

"అల్లరిపాలు చేశారు," అంది మీటరమ్మ. "నా మనవరాల్ని నాకు కాకుండా చేశారు. ఇంకేం చేయాలి?"

ఆయన గొడుగు వెతుక్కున్నాడు. గుమ్మం పక్కనే ఉన్నా కనపడలేదు. చేతికందాక, "క్షమించండమ్మా," అన్నాడు.

"పోనీలెండి," అంది ఆమె. "వయసు మీద పడితే ఎవరికైనా అంతే."

వాయిదా రోజున ప్రభుత్వ లాయరమ్మ లేచి, సాక్షి మళ్ళీ చెప్పే స్థితిలో లేదంది. కేసు మూసేశారు. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న చేయి పట్టుకుని బయటికొస్తుంటే లాయరు ముందుగా వెళ్ళి, ఎంతో మర్యాదగా తలుపు తెరిచి పట్టుకున్నాడు. అమ్మాయి ఆయనకు థాంక్స్ చెప్పింది.

మర్నాడే మీటరమ్మ కూతురింటికి వెళ్ళింది. మనవరాలు లోపలి గదిలో ఏదో పాడుకుంటూ ఆడుకుంటోంది. కూతురు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తల్లి నేర్పిన మడతే, అంచుకు అంచు.

"కేసు కొట్టేశారు," అంది మీటరమ్మ.

"కొట్టెయ్యలేదమ్మా, మూసేశారు. తీర్పు రాలేదు."

"రాలేదంటే ఎందుకు రాలేదో విను. పదకొండు మంది నిర్దోషన్నారే. మొదటిపూటే అన్నారు. ఒక్క ముసలాయన అడ్డంపడ్డాడు. ఆయన కూడా మొన్న దుకాణానికొచ్చి, పొరపాటు చేశాను క్షమించమ్మా అని చెప్పిపోయాడు. నువ్వే లెక్క చూసుకో. పన్నెండుకు పన్నెండు."

"నిజంగా వచ్చాడా?"

"గొడుగు కూడా మర్చిపోబోయాడు పాపం."

కూతురు చేతిలోని గౌనును ఒళ్ళో పెట్టుకుంది. నమ్మాలని ఎంత ఉందో ఆమె మొహంలో కనపడుతోంది. మీటరమ్మకు ఆ మొహం తెలుసు. గుడ్డ నచ్చి, డబ్బు తీయడానికి ఒక్క మాట కోసం చూసే మొహం.

"ఒక్కటి చెప్పు," అంది కూతురు. "పిల్లని నాన్న దగ్గర వదిలి నువ్వు దుకాణానికెళ్తావా?"

"ఎందుకెళ్ళను? నిశ్చింతగా వెళ్తాను."

లోపల పిల్ల పాట ఆగి మళ్ళీ మొదలైంది. కూతురు గౌను మడత సగంలో ఆపేసింది.

"చిన్నప్పుడు నీ కౌంటరు కింద కూర్చుని చదువుకునేదాన్ని," అంది. "రంగు పోతుందా అని అడిగేవాళ్ళు. పోని గుడ్డకి, ఉతికి చూసుకోండి అనేదానివి. పోయే గుడ్డకి, నిశ్చింతగా తీసుకెళ్ళండి అనేదానివి."

"వ్యాపారంలో సవాలక్ష అంటాం. దానికీ దీనికీ లంకె ఏంటే?"

"నాన్న సంగతి నాకిప్పటికీ తెలీదమ్మా. నీకు తెలుసని మాత్రం తెలిసింది." కూతురు లేచి లోపలి గది తలుపు దగ్గరగా వేసింది. "తెలిసీ నా పిల్లని అడుగుతున్నావు. ఆయన్ని రావద్దన్నాను, నిన్ను కూడా రావద్దంటున్నాను. చెప్పులేసుకో."

"అది నన్ను చూడందే ఉండలేదు."

"అలవాటవుతుంది."

మీటరమ్మకు అమ్మడానికి ఇంకేమీ లేదు. చెప్పులేసుకుంది. గుమ్మం బయట నిలబడి మనవరాల్ని పేరుపెట్టి ఒకసారి పిలుద్దామనుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

కోచ్ కొలను వాళ్ళ దగ్గరికెళ్తే తీర్పు కాగితం పట్రమ్మన్నారు. లేని కాగితం ఎక్కడ్నించి తెస్తాడు? ఇంట్లో ఊపిరాడటం లేదని, దుకాణానికొస్తానన్నాడు.

"రండి," అంది మీటరమ్మ.

వచ్చాక ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియలేదు. వెనక గదిలో కొత్తగా పెట్టుకున్న పనిపిల్ల బేళ్ళు విప్పుతోంది. అక్కడ కుదరదు. కౌంటరు దగ్గరంటే బడిపిల్లలు చిల్లర కోసం చేతులు చాపుతారు. అటక మెట్ల కింద చీకటి. ఏ దుకాణంలోనైనా అమ్ముడుపోనిదాన్ని లోపలికి నెడతారు, నలుగురికీ కనపడకుండా. ఆమె స్టూలు తెచ్చి గుమ్మంలో, అద్దం పక్కన, వీధి మొత్తానికీ కనపడేచోట వేసింది.

"ఇక్కడా?" అన్నాడు కోచ్.

"ఇక్కడే."

ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. బడి తువ్వాళ్ళకి కాబోలు. పిల్ల మెట్టు మీద కాలు పెట్టింది. కోచ్ ఆ పిల్లని చూసి అలవాటుగా నవ్వాడు. తల్లి ఆయన్ని గుర్తుపట్టి, పిల్ల భుజం పట్టి వెనక్కి లాగి, రోడ్డు దాటి ఎదురు దుకాణంలోకి పోయింది. మీటరమ్మ కౌంటరు వెనకనుంచి అంతా చూసింది.

"బేరం పోయింది చూడు," అన్నాడు కోచ్. "ఎండ కూడా కొడుతోందే. లోపలికి జరగనా?"

"కొట్టనివ్వండి," అంది ఆమె. "నాకు కనపడేట్టు అక్కడే కూర్చోండి."